బ్యాంకు డిపాజిట్ల మొత్తాన్ని ఎలా చదవాలి?

రిజర్వు బ్యాంకు పక్షానికోసారి విడుదల చేసే లెక్కల్లో షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకుల (అంటే రిజర్వు బ్యాంకు చట్టం జాబితాలో ఉన్న బ్యాంకుల) మొత్తం డిపాజిట్లు అనే పంక్తి ఒకటి ఉంటుంది. పత్రికల వాణిజ్య పేజీలో దానికి దక్కేది సాధారణంగా మూడు వాక్యాలే: నిరుటితో పోలిస్తే డిపాజిట్లు ఇంత శాతం పెరిగాయి, రుణాలు ఇంత శాతం పెరిగాయి, రెండింటి మధ్య అంతరం ఇంత ఉంది. ఆ మూడు వాక్యాలు చదివినవారు చాలావరకు ఒకే నిర్ధారణకు వస్తారు. డిపాజిట్లు జోరుగా పెరిగితే జనం పొదుపు చేస్తున్నారని, పెరుగుదల మందగిస్తే జనానికి పొదుపు మీద ధ్యాస తగ్గిందని అనుకుంటారు. హైదరాబాదులోని బ్యాంకు శాఖల్లో, ఆ అంకెలు పుట్టే చోటే కూర్చుని ఉద్యోగం చేసినవాడిగా ఆ నిర్ధారణ సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో వివరంగా రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్పుకోవాలి. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రతి షెడ్యూల్డ్ బ్యాంకూ తన డిమాండు (అడగ్గానే చెల్లించాల్సిన), టైము (గడువు తీరాక చెల్లించాల్సిన) బాధ్యతల వివరాలను పక్షానికోసారి పంపాలి. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన నగదు నిల్వ, అంటే సీఆర్ఆర్, ఎంతో తేల్చడానికి ఆ వివరాలు కావాలి. ప్రజల పొదుపును కొలవాలన్న ఉద్దేశంతో మొదలైన లెక్క కాదిది; బ్యాంకులు ఖాతాదారులకు మొత్తంమీద ఎంత బాకీ ఉన్నాయో చెప్పే లెక్క. పింఛనుదారుడి ఫిక్స్‌డ్ డిపాజిట్, సిమెంటు డీలరు కరెంటు ఖాతాలోని నిల్వ, ప్రభుత్వ కార్పొరేషన్ ఇంకా ఖర్చు పెట్టని నిధులు, గల్ఫ్‌లో పనిచేస్తున్న జగిత్యాల యువకుడి ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల) ఖాతా, ఇవన్నీ అందులో ఒకే మొత్తంగా కలిసిపోతాయి. ఆ మొత్తం 2023 చివరికి 200 లక్షల కోట్ల రూపాయలు దాటింది, 2025 మార్చి నాటికి 225 లక్షల కోట్లకు కాస్త అటూఇటూగా ఉంది. అందులో కుటుంబాల వాటా సుమారు 60 శాతం మాత్రమే. తక్కినది కంపెనీలది, ప్రభుత్వ సంస్థలది, ఆర్థిక సంస్థలది, ప్రవాసులది. కాబట్టి పొదుపు అనే మాట ఈ మొత్తానికి మొదటి అడుగులోనే పూర్తిగా సరిపోదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం, డిపాజిట్లు పుట్టే తీరు. ప్రజలు దాచుకున్న డబ్బును బ్యాంకులో వేస్తారని, దాన్ని బ్యాంకు మరొకరికి అప్పుగా ఇస్తుందని మనకు చిన్నప్పటి నుంచి పాఠాల్లో చెప్పారు. ఒక్క శాఖ మేనేజరు కుర్చీలోంచి చూస్తే అది నిజమే అనిపిస్తుంది. దేశంలోని బ్యాంకులన్నిటినీ ఒక్కటిగా చూసినప్పుడు మాత్రం వరుస తిరగబడుతుంది: డిపాజిట్లలో అధిక భాగం రుణం ఇచ్చిన క్షణంలోనే పుడుతుంది.

మియాపూర్‌లో 60 లక్షల రూపాయల ఫ్లాటు కొంటున్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. వాళ్లు ఒక బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకుని 15 లక్షలు తీశారు. మరో బ్యాంకులో 45 లక్షల గృహ రుణం తీసుకున్నారు. నిర్మాణం సాగుతున్నకొద్దీ విడతలుగా ఆ సొమ్మంతా మూడో బ్యాంకులో ఉన్న బిల్డరు ఖాతాలోకి చేరింది. మొదటి బ్యాంకులో 15 లక్షల డిపాజిట్ తగ్గింది, మూడో బ్యాంకులో 60 లక్షల డిపాజిట్ పెరిగింది. నికరంగా దేశం మొత్తం డిపాజిట్లు 45 లక్షలు పెరిగాయి. ఆ 45 లక్షలూ ఎవరూ కడుపు కట్టుకుని దాచినవి కావు. అవి ఆ కుటుంబం రాబోయే ఇరవై ఏళ్లలో సంపాదించి తీర్చాల్సిన అప్పు. పైగా రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ఆ ప్రాజెక్టు పేరిట ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని జరిగిన మేరకే తీసుకోవాలి గనుక ఆ డబ్బు కొంతకాలం అక్కడే నిలుస్తుంది. పక్షం చివర రిజర్వు బ్యాంకుకు వెళ్లే లెక్కలో అది మొత్తం డిపాజిట్ల పెరుగుదలగా కనిపిస్తుంది.

ఆ తర్వాత కథ కూడా చూడాలి. బిల్డరు స్టీలుకూ సిమెంటుకూ చెల్లింపులు చేస్తే సొమ్ము ఖాతా మారుతుందే తప్ప మొత్తం మారదు. మేస్త్రీలకూ కూలీలకూ వారం కూలి ఇవ్వడానికి నగదు తీస్తే అంతమేరకు డిపాజిట్లు తగ్గి, ప్రజల చేతిలోని నోట్లు పెరుగుతాయి. ఆ కూలీ తన ఊరికి పంపిన డబ్బు అక్కడి కిరాణా దుకాణం చేరి, దుకాణదారు దాన్ని బ్యాంకులో వేస్తే మళ్లీ డిపాజిట్ అవుతుంది, ఈసారి రంగారెడ్డి జిల్లా లెక్కలో కాకుండా మహబూబ్‌నగర్ జిల్లా లెక్కలోనో ఒడిశాలోని ఏదో జిల్లా లెక్కలోనో. ఇక ఫ్లాటు కొన్న కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలో అసలు భాగం ఎంతో, అంతమేరకు ఒక డిపాజిటూ దానికి ఎదురుగా ఉన్న రుణమూ రెండూ లెక్కలోంచి తొలగిపోతాయి. కొత్త రుణాలు పాత రుణాల చెల్లింపులను మించినంతకాలం డిపాజిట్లు పెరుగుతూనే ఉంటాయి.

ఈ సంగతి గుర్తుంటే, 2024లో జరిగిన పెద్ద చర్చను కాస్త వేరుగా చూడగలుగుతాం. ఆ ఏడాది ఆగస్టు ద్రవ్య విధాన ప్రకటనలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్, కుటుంబాలకు ఇతర పెట్టుబడి మార్గాలు ఆకర్షణీయంగా మారుతున్నాయని, రుణాల వేగాన్ని డిపాజిట్లు అందుకోలేకపోతున్నాయని హెచ్చరించారు. అంతకు కొద్ది నెలల ముందే, ఏప్రిల్‌లో, మ్యూచువల్ ఫండ్ల సిప్ (నెలనెలా కొంత మొత్తం పెట్టుబడి పెట్టే పద్ధతి) వాయిదాలు నెలకు 20,000 కోట్ల రూపాయలు దాటాయి. దాంతో డిపాజిట్లన్నీ షేర్ మార్కెట్టుకు తరలిపోతున్నాయన్న మాట బాగా వ్యాపించింది. కానీ నేను ఒక షేరు కొంటే నా ఖాతాలోంచి వెళ్లిన సొమ్ము, ఆ షేరు అమ్మినవారి ఖాతాలో జమ అవుతుంది. కంపెనీ కొత్తగా షేర్లు జారీ చేస్తే కంపెనీ ఖాతాలో జమ అవుతుంది. డబ్బు షేర్ మార్కెట్టులో నిలవ ఉండదు. ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. మొత్తం డిపాజిట్లు సిప్‌ల వల్ల తగ్గాయనడం లెక్కకు నిలవదు.

అంతమాత్రాన గవర్నరు ఆందోళన నిరాధారమని నేను అనను. మూడేళ్లకు వేసిన పింఛనుదారుడి ఫిక్స్‌డ్ డిపాజిట్ పోయి, దాని స్థానంలో రేపోమాపో కదిలిపోయే బ్రోకింగ్ సంస్థ నిల్వ వస్తే బ్యాంకుకు అది ఒకే రకం సొమ్ము కాదు. హఠాత్తుగా వచ్చే ఉపసంహరణలకు ఎంత సిద్ధంగా ఉండాలన్న నిబంధనల లెక్కలోనూ ఆ రెండింటికీ ఒకే విలువ ఇవ్వరు. మొత్తం అలాగే ఉండి నాణ్యత మారడం అంటే ఇదే. పక్షానికోసారి వచ్చే అంకె దీన్ని చెప్పదు.

మరి రుణాల చెల్లింపు కాక మొత్తం డిపాజిట్లను నిజంగా తగ్గించేవి ఏమిటి? జనం నగదు తీసుకోవడం ఒకటి. పన్నులు కట్టడం మరొకటి, ఎందుకంటే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకులోని ప్రభుత్వ ఖాతాకు చేరి, ప్రభుత్వం ఖర్చు పెట్టేదాకా వాణిజ్య బ్యాంకుల లెక్కలోకి రాదు. మూడోది విదేశాలకు సొమ్ము వెళ్లిపోవడం. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు అమ్మినవన్నీ కొరియాలోని మాతృసంస్థ చేతిలో ఉన్న షేర్లే. అలాంటి సొమ్మును డాలర్లలోకి మార్చుకునేటప్పుడు ఆ డాలర్లను అమ్మేది రిజర్వు బ్యాంకే అయితే, అంతమేరకు రూపాయి డిపాజిట్లు, బ్యాంకుల నిల్వలు రెండూ తరిగిపోతాయి. 2024 సెప్టెంబరు చివర దాదాపు 705 బిలియన్ డాలర్లున్న విదేశీ మారక నిల్వలు 2025 జనవరికల్లా 625 బిలియన్ల దరిదాపులకు దిగాయి. అందులో కొంత ఇతర కరెన్సీల విలువ తగ్గడం వల్ల వచ్చిన మార్పయినా, రిజర్వు బ్యాంకు పెద్ద ఎత్తున డాలర్లు అమ్మిన మాట వాస్తవం. ఆ చలికాలంలో బ్యాంకులకు నిధుల కటకట ఏర్పడడానికి అది ఒక ముఖ్య కారణం. ఆ నెలల్లో డిపాజిట్ల మందగమనానికి కారణం వెతకాల్సింది గృహిణుల సిప్ వాయిదాల్లో కాదు.

డిపాజిట్ల పెరుగుదలను ఆర్థిక ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోవడం ఎంత ప్రమాదకరమో ఇటీవలి చరిత్రలోని రెండు సందర్భాలు చెబుతాయి. 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లను రద్దు చేసినప్పుడు చలామణిలో ఉన్న ఆ నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు; అందులో 15.31 లక్షల కోట్లు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకే తర్వాత ప్రకటించింది. ఆ వారాల్లో డిపాజిట్లు మునుపెన్నడూ లేనంత వేగంగా పెరిగాయి. బేగం బజారులో టోకు వ్యాపారులు బేరాల్లేక కూర్చున్న రోజులవి. మా శాఖ ముందు తెల్లవారకముందే మొదలైన వరుస వీధి మలుపు దాకా సాగేది. కౌంటరు దగ్గర డబ్బు జమ చేస్తున్న మనిషి ముఖంలో పొదుపు చేస్తున్న తృప్తి లేదు, చేతిలో ఉన్నది చెల్లకుండా పోతుందన్న భయమే ఉంది. అంకెల్లో మాత్రం అది అద్భుతమైన డిపాజిట్ల సేకరణ. అదే ఆర్థిక సంవత్సరంలో బ్యాంకు రుణాల వృద్ధి దశాబ్దాల కనిష్ఠానికి, 5 శాతం దరిదాపులకు పడిపోయింది.

రెండోది కరోనా సంవత్సరం. 2020–21లో దేశ ఆర్థిక వ్యవస్థ 5.8 శాతం కుంచించుకుపోగా, డిపాజిట్లు 11 శాతానికి పైగా పెరిగాయి. దుకాణాలు మూతపడి ఖర్చు పెట్టే వీలు లేకపోవడం, ఆసుపత్రి ఖర్చు మీద పడుతుందేమోనన్న భయంతో చేతిలో ఉన్నది పట్టుకోవడం, ప్రభుత్వం భారీగా అప్పు చేసి ఖర్చు పెట్టడం, ఆ ప్రభుత్వ పత్రాలను బ్యాంకులూ రిజర్వు బ్యాంకూ కొనడం, ఇవన్నీ కలిసి ఆ పెరుగుదలను తెచ్చాయి. దీనికి తిరగేసిన ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. అక్కడి బ్యాంకు డిపాజిట్లు 2022 వసంతంలో 18 ట్రిలియన్ డాలర్ల దాకా వెళ్లి, అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు వడ్డీ రేట్లు పెంచుతూ తన దగ్గరి బాండ్లను తగ్గించుకోవడం మొదలుపెట్టాక తగ్గుముఖం పట్టాయి. 2023లో ఆ తగ్గుదల నడుస్తున్నా అమెరికా ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే ఉంది, నిరుద్యోగం 4 శాతం లోపే ఉంది. ఆ ఏడాది మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ సొమ్ములో చాలా భాగం వేరే పెద్ద బ్యాంకులకు చేరింది. ఒక బ్యాంకు కూలిపోవడానికి సరిపడే ఉపసంహరణ దేశ మొత్తంలో చిన్న కదలికగా మాత్రమే కనిపించవచ్చు.

ఒక బ్యాంకుకు ఉండే డిపాజిట్లకూ దేశం మొత్తం డిపాజిట్లకూ మధ్య ఉన్న ఈ తేడాను మనవాళ్లు తరచు కలగలిపేస్తారు. బ్యాంకు స్థాయిలో డిపాజిట్ అంటే బలమే, పలుకుబడే. 1969 జూలై 19న జాతీయం చేసిన 14 బ్యాంకులను ఎంచింది 50 కోట్ల రూపాయల డిపాజిట్లు అన్న గీత ప్రకారమే. 1980 ఏప్రిల్‌లో ఆ గీత 200 కోట్లయింది, మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మొదటి జాబితాలో లేదు, రెండో జాబితాలో చేరింది. నిజాం కాలంలో 1941లో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, తర్వాతి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన నగరానికి ముఖ్యమైన ఈ రెండు విలీనాల వల్ల దేశ మొత్తం డిపాజిట్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు. 2023 జూలై 1న హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలవడం మాత్రం అలాంటిది కాదు. అంతవరకు బ్యాంకు కాని సంస్థ ఇచ్చిన గృహ రుణాలన్నీ రాత్రికి రాత్రి బ్యాంకు రుణాల లెక్కలోకి వచ్చాయి. ఆ ఏడాది రుణాలు డిపాజిట్లను ఎంతగా మించిపోయాయో చూపే పట్టికలు చదివేటప్పుడు, విలీనాన్ని కలిపి వేసినవా, మినహాయించి వేసినవా అని చూడకపోతే తప్పుడు భయం కలుగుతుంది.

మార్చి నెలాఖరు గురించి కూడా చెప్పాలి. శాఖల్లో పనిచేసినవారికి తెలిసిన విషయమే గాని బయటివారు దీన్ని లెక్కలోకి తీసుకోరు. ఫిబ్రవరి నుంచే రీజినల్ ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు వస్తాయి, టార్గెట్టుకు ఎంత దూరంలో ఉన్నారని అడుగుతారు. పెద్ద ఖాతాదారులను బతిమాలి, 31వ తేదీ సాయంత్రానికి వారి సొమ్ము తమ శాఖలో ఉండేలా చూసుకుంటారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ సొమ్ము వచ్చిన దారినే వెళ్లిపోతుంది. బ్యాంకు అప్పుకు అలవాటుపడ్డ వ్యాపారి ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతా నిల్వకు మించి తీసుకునే సౌకర్యం) వాడి ఆ డబ్బును కరెంటు ఖాతాలో ఉంచితే రుణమూ డిపాజిటూ రెండూ పెరిగినట్టు కనిపిస్తాయి. అందుకే మార్చి చివరి అంకెను ఫిబ్రవరి అంకెతోనో ఏప్రిల్ అంకెతోనో పోల్చి ఏ నిర్ణయానికీ రాకూడదు. నిరుటి మార్చితో మాత్రమే పోల్చాలి.

మొత్తం కన్నా దాని లోపలి పంపకమే నాకు ఎక్కువ విషయం చెబుతుంది. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 2022 మే ముందు 4 శాతం ఉండి, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఆ కాలంలో పెద్ద బ్యాంకుల్లో పొదుపు ఖాతా వడ్డీ 3 శాతం దగ్గరే నిలిచిపోగా ఫిక్స్‌డ్ డిపాజిట్లపై వడ్డీ 7 శాతం దాకా వెళ్లింది. సహజంగానే జనం పొదుపు ఖాతాల్లోంచి తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేశారు. కరెంటు, పొదుపు ఖాతాల వాటా, అంటే బ్యాంకువాళ్ల భాషలో కాసా, దేశవ్యాప్తంగా తగ్గింది. మొత్తం డిపాజిట్లను మాత్రమే చూసేవారికి ఈ కదలిక కనబడదు. కాని బ్యాంకులకు నిధుల ఖర్చు పెరగడం, ఆ తర్వాత 2025లో రెపో రేటు తగ్గించినప్పుడు పాత డిపాజిట్ల గడువు తీరేదాకా ఆ ఖర్చు వెంటనే దిగకపోవడం, ఈ రెండూ ఆ పంపకంలోనే ముందుగా తెలిశాయి.

తెలంగాణ విషయానికి వస్తే, రిజర్వు బ్యాంకు మూడు నెలలకోసారి జిల్లాల వారీగా డిపాజిట్లు, రుణాల వివరాలు ప్రచురిస్తుంది. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. దేశం మొత్తం మీద ప్రతి 100 రూపాయల డిపాజిట్లకు దాదాపు 80 రూపాయల రుణం ఉంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో రుణాలు డిపాజిట్లను మించి ఉంటాయి. అంటే ఇతర ప్రాంతాల్లో సేకరించిన సొమ్ము ఇక్కడ అప్పుగా వస్తోంది. ఉత్తరాది రాష్ట్రాలు కొన్నింటిలో పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడి జనం డబ్బు బ్యాంకుల్లో పోగుపడుతుంది, రుణం మాత్రం అక్కడ అంతగా పుట్టదు. తమ రాష్ట్రంలో డిపాజిట్లు పెరిగాయని గర్వపడే నాయకులు ఆ సొమ్ము ఎక్కడ అప్పుగా మారుతోందో కూడా అడగాలని నా కోరిక. హైదరాబాదు అంకెలను చదవడంలో మరో జాగ్రత్త అవసరం. కార్పొరేట్ కార్యాలయాలూ ప్రభుత్వ సంస్థల ప్రధాన కార్యాలయాలూ ఇక్కడే ఉండడం వల్ల రాష్ట్రమంతటి లావాదేవీల సొమ్ము నగరం ఖాతాలో పడుతుంది. రుణాల విషయంలో మంజూరైన చోటు, వాడుకున్న చోటు అని రెండు లెక్కలుంటాయి గాని డిపాజిట్లకు అలాంటి వెసులుబాటు లేదు. సొమ్ము ఏ ఊరి శ్రమ ఫలమో ఖాతా పుస్తకం చెప్పదు.

ధరల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. డిపాజిట్లు ఏడాదికి 10 శాతం పెరిగాయని వినగానే గొప్పగా అనిపించవచ్చు. అదే ఏడాది ధరల పెరుగుదలతో కలిపి లెక్కించిన జీడీపీ కూడా అంతే పెరిగితే, బ్యాంకుల పరిమాణం ఆర్థిక వ్యవస్థతో సమానంగా నడిచిందనే అర్థం, అంతకు మించి ఏమీ లేదు. 2025 మార్చి నాటికి మన డిపాజిట్లు జీడీపీలో దాదాపు మూడింట రెండు వంతులు. ఈ నిష్పత్తి ఏళ్ల తరబడి ఎటు కదులుతోందో చూడడం, ఒక పక్షం పెరుగుదల శాతాన్ని చూడడం కన్నా చాలా ఉపయోగకరం.

నమ్మకం అనే కోణం ఒకటి మిగిలింది. 2000 దశకం తొలినాళ్లలో మన నగరంలో కొన్ని అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులు కుప్పకూలినప్పుడు చిన్న డిపాజిటర్లు పడ్డ వేదన చూసినవారెవరూ డిపాజిట్‌ను ఉత్త అంకెగా చూడలేరు. అప్పట్లో డిపాజిట్ బీమా పరిమితి లక్ష రూపాయలే. 1993లో పెట్టిన ఆ పరిమితి 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలయ్యేదాకా కదల్లేదు. ఆ ఇరవయ్యేడేళ్లలో మొత్తం డిపాజిట్లు ఎన్ని రెట్లు పెరిగినా, బీమా కింద భద్రంగా ఉన్న భాగం ఎంత శాతం అన్న ప్రశ్నను అడిగినవారు తక్కువ. మొత్తంతో పాటు ఆ శాతాన్నీ పత్రికలు ప్రతిసారీ ప్రచురించాలి.

ఇకముందు ఈ లెక్కను గమనించేవారు ఒక మార్పును గుర్తుంచుకోవాలి. ఇంతకాలం రెండు వారాలకోసారి వచ్చే శుక్రవారం నాటి నిల్వలను బ్యాంకులు పంపేవి. 2025 నాటి బ్యాంకింగ్ చట్టాల సవరణతో పక్షం అంటే నెలలో 1 నుంచి 15 వరకు, 16 నుంచి నెలాఖరు వరకు అని నిర్వచించారు. దీనివల్ల మార్చి 31 వంటి లక్ష్యాల గడువు తేదీలు ప్రతి ఏటా నేరుగా లెక్కలో పడతాయి. ముందస్తు ఆదాయపు పన్ను గడువు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీయే గనుక, కంపెనీల సొమ్ము ప్రభుత్వ ఖాతాకు తరలే వేళా నిల్వలు కొలిచే వేళా ఒకటే అవుతాయి. ఇక నెలాఖరు నిల్వల్లో జీతాలు, పింఛన్ల జమలు కలుస్తాయి. మార్పు వచ్చిన మొదటి ఏడాదంతా ఇప్పటి తేదీని నిరుటి శుక్రవారంతో పోల్చాల్సి వస్తుంది కాబట్టి ఆ ఏడాది వృద్ధి శాతాల్లో ఒకటి రెండు పక్షాల్లో కనిపించే ఎగుడుదిగుళ్లకు పెద్ద అర్థం ఆపాదించకుండా, కనీసం మూడు నాలుగు పక్షాలను కలిపి, ప్రజల చేతిలోని నగదును, రుణాల పెరుగుదలను పక్కన పెట్టుకుని చదవడం మంచిది.